నక్షత్రం చూడక ముందు తీసిన రక్తం

నర్సీపట్నంలో ఆ పరీక్ష చేయవచ్చని మొదట్లో నమ్మింది మా అమ్మాయి ఒక్కతే. నేను నమ్మినట్టు కనిపించేవాణ్ని. ఈ ఊరి నుంచి పత్రికకు ఏళ్ల తరబడి వార్తలు రాసినవాణ్ని. ఇక్కడ త్వరలో మొదలవుతాయని నేను రాసినవాటిలో నిజంగా ఎన్ని మొదలయ్యాయో నాకు తెలుసు. అందువల్ల ఆశ విషయంలో కొంచెం నిదానం అలవాటైంది.

అమ్మాయి విశాఖపట్నంలో ఒక పెద్ద ఆస్పత్రి ల్యాబులో చాలాకాలం పనిచేసింది. అల్లుడికి ఇక్కడి జూనియర్ కాలేజీకి బదిలీ అయ్యాక తనూ వచ్చేసి, ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర్లో ఒక మందుల షాపు మేడ మీద రెండు గదులు తీసుకుని సొంత ల్యాబు పెట్టింది. షుగరు, థైరాయిడు, జ్వరాల పరీక్షలు. కొయ్యూరు నుంచి మొదటి బస్సు దిగినవాళ్లు, కృష్ణదేవిపేట షేర్ ఆటోల్లో వచ్చినవాళ్లు మెట్ల మీదే వరసగా కూర్చునేవారు. ల్యాబు బాగానే నడిచేది. కానీ కాస్త కష్టమైన పరీక్ష ఏది వచ్చినా ఆ రక్తాన్ని ఐసు పెట్టెలో పెట్టి విశాఖ బస్సు ఎక్కించవలసిందే. అది తనకు గిట్టేది కాదు. మన ఊరి రక్తాన్ని చదవడానికి కూడా పొరుగూరి కళ్లే కావాలా నాన్నా అని ఒకసారి నన్ను అడిగింది. రోడ్ల గురించి, రైలు గురించి, ఇంకా చాలావాటి గురించి అదే ప్రశ్న నేను ఎన్నోసార్లు వార్తగా రాశాను.

తను పనిచేసిన ఆస్పత్రిలోనే ఒక ప్రొఫెసరు గారు ఉన్నారు. చిన్న పట్టణాల్లో ఆడవాళ్లు ఎందుకు లావెక్కుతున్నారు, వాళ్లలో షుగరు ఎవరికి ముందు వస్తోంది అన్నది ఆవిడ పరిశోధన. దానికి లెప్టిన్ అనే హార్మోనును కొలవాలి. అది మన ఒంట్లోని కొవ్వు నుంచే పుడుతుంది. ఇంట్లో బియ్యం బస్తాలు ఎన్ని ఉన్నాయో వంటింట్లోకి కబురు పంపినట్టు, ఒంట్లో కొవ్వు ఎంత ఉందో రక్తం ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. కొవ్వు ఎక్కువ ఉన్నవాళ్ల రక్తంలో ఎక్కువ, తక్కువ ఉన్నవాళ్లలో తక్కువ. అమ్మాయి నాకు చెప్పినది ఇంతే, నాకు అర్థమైనదీ ఇంతే.

ఆ కొలిచే పని నర్సీపట్నంలోనే చేస్తానని అమ్మాయి ఆవిడను అడిగింది. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. చివరికి రంగును చదివే ఒక మిషనును అరువుగా పంపి, ఒక షరతు పెట్టారు. ముందు మన ఊరి ఆడవాళ్లు కొంతమంది రక్తం తీసి ఒక ప్లేటు చేసి చూపించాలి. ఫలితాలు సరిగ్గా ఉంటే మొత్తం పరిశోధనకు కావలసిన పరీక్షలన్నీ ఈ రెండు గదుల్లోనే జరుగుతాయి, మిషను ఇక్కడే ఉండిపోతుంది. సరిగ్గా లేకపోతే మిషను వెనక్కి వెళ్తుంది, రక్తం ఎప్పటిలాగే బస్సెక్కుతుంది.

మిషను వచ్చిన రోజు అమ్మాయి దాని మీద ఒక్క వేలిముద్ర కూడా పడనివ్వలేదు. మనది కాని వస్తువును ఎలా చూసుకుంటామో అలా చూసుకుంది.

ఆడవాళ్లను పోగుచేసే పని మా ఆవిడ తీసుకుంది. మా వీధిలో ఆవిడ మాటకు ఎదురు లేదు. కార్తీక మాసంలో తెల్లవారుజామున దీపాలు పెట్టించడం, సోమవారాలు అందరినీ గుడికి నడిపించడం అంతా ఆవిడ ఆధ్వర్యంలోనే జరుగుతుంది. అయినా రక్తం ఇవ్వమంటే ఎవరూ చప్పున కదల్లేదు. పరగడుపున రావాలి అనేసరికి ముఖాలు మారిపోయాయి. లేవగానే టీ నీళ్లు పడకపోతే తలనొప్పి అని ఒకరు, పిల్లలకు క్యారేజీలు కట్టి పంపేలోపు ఏదో ఒకటి నోట్లో పడిపోతుందని ఒకరు. మంగళవారం, శుక్రవారం రక్తం ఇవ్వకూడదని అందరూ.

అప్పుడు మా ఆవిడకే ఉపాయం తట్టింది. కార్తీక సోమవారం ఎలాగూ ఎవరూ ఏమీ తినరు. ఆ రోజు పెట్టుకుంటే పరగడుపు గురించి ఎవరినీ బతిమాలక్కర్లేదు. అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. ల్యాబు పెట్టిన నాటి నుంచి తన పోరాటమంతా తిని వచ్చేవాళ్లతోనే. తినకుండా రమ్మంటే రెండు బిస్కెట్లే కదా అనేవాళ్లు, పాలు తిండి కాదు కదా అనేవాళ్లు. అందరూ నిజంగా తినకుండా వచ్చే రోజు ఒకటి క్యాలెండరులోనే రాసి ఉందని తనకు తోచలేదు. తను ఉపవాసాలు చేయదు.

ఆ సోమవారం ఉదయం వస్తామన్నవాళ్లు ఉదయం రాలేదు. గుడిలో జనం, అభిషేకం, ఇంట్లో పూజ. అన్నీ ముగించుకుని, తడి తలలు ఆరబెట్టుకుని, మా ఆవిడ వెనకాల ఊరేగింపులా మెట్లెక్కేసరికి ఎండ పడమటికి వాలింది. అమ్మాయి ప్రతి ఒక్కరినీ ఏమైనా తిన్నారా అని అడిగింది. అందరూ లేదన్నారు. మా ఆవిడ కూడా లేదంది. ఒకావిడ కాస్త నొచ్చుకుంది కూడా, కార్తీక సోమవారం నాడు అడగాల్సిన మాటేనా అని. బరువు తూచారు, ఎత్తు కొలిచారు, రక్తం తీశారు. గొట్టాల మీద పేర్లు లేవు, నంబర్లే. ఎవరి నంబరు ఎవరిదో అమ్మాయికి తప్ప తెలియదు. సాయంత్రానికి అందరూ ఇళ్లకు చేరి, నక్షత్రం చూసి భోజనాలు చేశారు.

ప్లేటు చేసిన రోజు నేను ల్యాబులోనే ఉన్నాను. గడియారం చూసే పని నాది. అరచేతి పొడవున ఉండే ప్లాస్టిక్ పలక, దాని నిండా తొంభై ఆరు చిన్న గుంతలు. ప్రతి గుంత అడుగునా కంటికి కనపడని యాంటీబాడీలు అంటించి ఉంటాయట. రక్తం నుంచి తేర్చిన నీరు ఒక్కో చుక్కా వాటిలో వేస్తే, అందులోని లెప్టిన్ను మాత్రమే అవి పట్టుకుంటాయి. మిగతాదంతా కడిగేస్తారు. తరవాత ఇంకో రకం యాంటీబాడీ వేస్తారు. అది వచ్చి అదే లెప్టిన్ను ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. ఒకటే ఎందుకు సరిపోదని అడిగాను. ఒక్కటే అయితే పొరపాటున ఇంకేదో పట్టుకోవచ్చు, రెండూ పట్టుకుంటేనే లెక్క అంది. ఆ మాట నాకు తేలిగ్గా ఎక్కింది. మా వృత్తిలోనూ అంతే. ఒకరు చెబితే పుకారు, సంబంధం లేని ఇంకొకరు కూడా చెబితే వార్త.

కడగడం, దులపడం, మళ్లీ పోయడం. ప్రతి కడుగుడు తరవాతా పలకను బోర్లించి మెత్తటి కాగితం మీద టపటపా కొట్టేది. కరెంటు పోలేదు. పోయినా చూసుకోవడానికి ఇన్వర్టరు ఉంది, అయినా నేను మధ్యమధ్య ఫ్యాను వైపు చూస్తూనే ఉన్నాను. చివర్లో రంగు మందు పోసింది. కాసేపటికి గుంతల్లో నీలం తేలడం మొదలైంది. ఒక పక్క వరసలో ఎంత లెప్టిన్ ఉందో ముందే తెలిసిన చుక్కలు ఉంటాయి. అక్కడ రంగు లేత నుంచి ముదురుకు మెట్లుమెట్లుగా దిగింది. ఆపే మందు పోయగానే నీలమంతా పసుపైంది. అది చూసి నేను గడియారం సంగతి మరచిపోయాను. పసుపు ఎంత ముదిరితే హార్మోను అంత ఎక్కువ. మిషను ఆ పసుపును చదివి అంకెలు ఇచ్చింది. తెలిసిన చుక్కలన్నీ కలిపి గీస్తే గీత ఎక్కడా తొణకలేదు. కంపెనీవాళ్లు సరిచూసుకోవడానికి పంపిన సీసా కూడా ఎంత రావాలో అంతే వచ్చింది. అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది.

తరవాత మా వీధి ఆడవాళ్ల అంకెలు చూసింది. నవ్వు ఆగింది.

బొద్దుగా ఉన్నవాళ్లకు ఎక్కువ రావాలి. రాలేదు. ఉండాల్సినదానికన్నా చాలా తక్కువ. సన్నగా ఉన్నవాళ్లకు మరీ అడుగున. కూరగాయలు కొట్టులో తూచి తెచ్చుకున్నాక ఇంట్లో మళ్లీ తూస్తే సగమే ఉన్నట్టు. అమ్మాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఏమీ దాచకుండా ఆ ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు ప్రొఫెసరు గారికి పంపింది.

ఆవిడ ఫోను మర్నాడే వచ్చింది. మాటలు మర్యాదగానే ఉన్నాయి. ఇంత బరువున్న మనుషులకు ఇంత తక్కువ రావడం జరగదమ్మా అన్నారు. గీత బాగుందంటే మిషను తప్పు కాదు, మందు తప్పు కాదు. అంటే రక్తం చెడిపోయి ఉండాలి. ఎండలో ఉంచారో, తేర్చడం ఆలస్యమైందో, ఫ్రీజరుకు కరెంటు పోయిందో. అమ్మాయి అవేవీ జరగలేదంది. మిగిలిన రక్తపు నీటిని విశాఖలో పరీక్షించి చూడమని అడిగింది. అక్కడ చెడినదాన్ని ఇక్కడ పరీక్షిస్తే ఏం తెలుస్తుంది అన్నారు ఆవిడ. అది నిజమే. చిన్న ఊళ్లలో ఇది కష్టం, నీ తప్పు కాదు అని కూడా అన్నారు. వచ్చే వారం బండి పంపిస్తాను, మిషను ప్యాక్ చేసి ఉంచమన్నారు.

నీ తప్పు కాదన్న మాటే అమ్మాయిని ఎక్కువ కుంగదీసింది. తప్పు తనదైతే దిద్దుకోవచ్చు. తప్పు ఊరిదంటే ఏం చేస్తుంది?

అయితే కూర్చుండిపోయే మనిషి కాదు. వరసలుగా విరవడానికి వీలుండే ఆ పలకలో వాడకుండా విరిచి దాచిన రెండు వరసలు మిగిలాయి. వాటిలో కొన్ని నంబర్లను మళ్లీ చేసింది. మళ్లీ అవే అంకెలు వచ్చాయి. ఫ్రీజరు ఎంత చల్లగా ఉందో రోజూ రాసిపెట్టే అలవాటు తనకు ఉంది, అందులోనూ తేడా లేదు. చెడిపోతే అందరివీ ఒక్కలా చెడాలి కదా నాన్నా అంది. రెండు నంబర్లు మాత్రం సరిగ్గా ఎంత రావాలో అంత వచ్చాయి. ఒకే పెట్టెలో, ఒకే గంటలో, ఒకే చేత్తో తీసినవి. ఆ రెండూ ఎందుకు చెడలేదు?

ఈ మాటలు మా ఇంట్లోనే జరిగాయి. ఉదయం పూట, అమ్మాయి ల్యాబుకు వెళ్తూ దారిలో ఆగి టీ తాగుతోంది. మా ఆవిడ పెనం మీద అట్టు వేస్తోంది. రెండు నంబర్లు అన్న మాట విని అట్లకాడ పెనం మీదే ఆపేసింది.

"నాది ఎంతొచ్చిందే?"

"అందరివీ చెప్పకూడదమ్మా. నీది నువ్వు అడిగితే చెప్పొచ్చు."

"అడుగుతున్నాను, సెప్పు."

"నీది సరిగ్గానే వచ్చింది. ఆ రెండింట్లో ఒకటి నీదే."

అట్టు మాడిన వాసన వచ్చింది. మా ఆవిడ పొయ్యి ఆపి, పెనం దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. నా వైపు చూడలేదు.

"నేను తిన్నానే ఆ రోజు. పొద్దున్న ఇడ్లీ తిన్నాను. గుడి నుంచొచ్చాక పెరుగన్నం తిన్నాను. మాత్రలేసుకుని తినకపోతే కళ్లు తిరుగుతాయని డాక్టరు సెప్పాడు గదా. వీధిలో అందరికీ ఉపాసం ఉండమని సెప్పేదాన్ని నేనే. నేను తింటున్నానని ఎలా సెప్పను?"

నేను ఊళ్లో ఎక్కడెక్కడి సంగతులో తవ్వి రాసినవాణ్ని. నా వంటింట్లో జరిగే ఇడ్లీల సంగతి నాకు తెలియదు. అది కూడా ఎన్నేళ్ల నుంచో.

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. తల్లిని తప్పు పట్టాలన్న ఆలోచనే ఆ ముఖంలో లేదు. మరి మిగతావాళ్లు ఏం తిన్నారని అడిగింది.

"మిగతావోళ్లు ఏటి తింటారే? ఆదివారం రాత్రే అన్నం మానేసారు. ఓ పండు తిన్నారో లేదో. సోమారం నక్షత్రం కనబడేదాకా మంచినీళ్లే. ఉపాసమంటే అదే గదా."

ఆ తరవాత అమ్మాయి ఏం మాట్లాడిందో నాకు వరసగా గుర్తు లేదు. లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, తల్లి చేతులు పట్టుకుంది. తను కోరింది రాత్రి తిని ఉదయం తినకుండా వచ్చే పరగడుపు. వాళ్లు తెచ్చింది ఒక రాత్రీ ఒక పగలూ నడిచిన ఉపవాసం. కొవ్వు నుంచి వెళ్లే ఆ కబురు నిల్వ ఎంత ఉందో చెప్పడంతో ఆగదట. రోజంతా తిండి లోపలికి రాకపోతే, నిల్వ ఇంకా తరగకముందే, అది గొంతు తగ్గించేస్తుందట. బస్తాలు అలాగే ఉన్నా, కొత్త బస్తా రావడం లేదు జాగ్రత్త అని చెప్పినట్టు. పుస్తకాల్లో చదివిందే. అయితే తినకుండా రమ్మంటే తిని వచ్చే ఊళ్లో, మరీ తినకుండా వచ్చేవాళ్లు ఉంటారని తను అనుకోలేదు. రక్తం చెడలేదు. చేతులు తప్పు చేయలేదు. ఆ పరీక్ష మా వీధి ఉపవాసాన్ని పట్టుకుంది. తిన్న మనిషిని తిన్నట్టే చెప్పింది.

ప్రొఫెసరు గారికి ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కార్తీక సోమవారం అనగానే ఆవిడకు సంగతి అర్థమైంది. ఆవిడ కూడా తెలుగింటి మనిషే. మా అమ్మ కూడా నక్షత్రం చూశాకే తినేది అన్నారు. అయినా శాస్త్రం శాస్త్రమే కదా. చెప్పడం కాదు, చూపించాలన్నారు. అదే మనుషులు, మామూలు పరగడుపు, మళ్లీ ఒక ప్లేటు. అప్పుడు అంకెలు పైకి లేస్తే సరే. లేవకపోతే బండి వస్తుంది. ఈసారి నేనూ వచ్చి కూర్చుంటాను అన్నారు.

అదే మనుషులు మళ్లీ రావాలంటే ఎందుకో చెప్పాలి. మా ఆవిడ తిన్న సంగతి చెప్పకుండా ఎలా నెట్టుకురావాలా అని నేను రకరకాల మాటలు కూర్చిపెట్టాను. నా మాటలేవీ మా ఆవిడకు అక్కర్లేకపోయాయి. మధ్యాహ్నం అందరినీ మా అరుగు మీదకు పిలిచి, శనగలు పెట్టి, ముందూ వెనకా చూసుకోకుండా ఆ ఇడ్లీల సంగతి చెప్పేసింది. అమ్మాయి మిషను ఉండాలంటే మీరు ఇంకోసారి సూది పొడిపించుకోవాలి, ఇదీ సంగతి అంది.

ఎదురింటి ఆవిడ, మా ఆవిడను వరసకు వదినా అంటుంది, శనగలు నములుతూ తీరిగ్గా అంది.

"శివుడికి తెలీనిది మీ అమ్మాయి మిషనుకి తెలిసిపోయిందేటి వదినా?"

"శివుడికీ తెలుసు. ఆయన ఎవరికీ సెప్పడు, అంతే."

అరుగంతా నవ్వింది. అందరిలోకి పెద్దావిడ, ఎనభైకి దగ్గర పడినావిడ, మాత్రలు వేసుకునేదానివి తినక ఏటి సేస్తావు, గుడి మెట్ల మీద పడిపోతే మోసుకెళ్లేది మేమే గదా అని కసిరింది. ఇన్నాళ్లూ ఉప్మా వాసన వచ్చినప్పుడల్లా మీ ఆయన తింటున్నాడనుకున్నాం అని ఇంకొకావిడ నన్ను కూడా వదల్లేదు. ఆ రెండో నంబరు ఆవిడ ఎవరో అక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది. మా ఆవిడ రెండో నంబరు ఊసే ఎత్తలేదు. నేను ఒక్కొక్కరి ముఖమూ చూశాను. పాత అలవాటు. ఎవరి ముఖంలోనూ ఏమీ దొరకలేదు.

రోజు కుదుర్చుకోవడం మళ్లీ పెద్ద పంచాయితీ. కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చింది. సోమవారం వద్దు. మంగళవారం, శుక్రవారం రక్తం ఇవ్వరు. మార్గశిరంలో గురువారం లక్ష్మీవారం, సగం మంది ఉపవాసం. శనివారం ఇంకో సగం మంది వెంకటేశ్వరస్వామికి. ఆదివారం ఇంట్లో చుట్టాలు, కోడి కూర. వారమంతా జల్లెడ పట్టగా బుధవారం ఒక్కటే మిగిలింది. మంగళవారం రాత్రి అందరూ మామూలుగా అన్నం తినాలి, ఉదయం బేగి వచ్చేయాలి, టీ కూడా తాగకూడదు అని మా ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఉపవాసం ఉండమని చెప్పినప్పటికన్నా తినమని చెప్పినప్పుడు ఆవిడ గొంతు గట్టిగా పలికింది.

బుధవారం తెల్లవారేసరికి అందరూ మెట్ల మీద ఉన్నారు. మా ఆవిడ పెద్ద ఫ్లాస్కు నిండా టీ, డబ్బా నిండా ఉప్మా తెచ్చి తలుపు పక్కనే కాపలా కూర్చుంది. చేతికి దూది అంటించుకుని బయటికి వచ్చినవాళ్లకు తప్ప ఎవరికీ గ్లాసు ఇవ్వలేదు. తను మాత్రం తన డాక్టరును అడిగి, రాత్రి తిని, ఉదయం అందరికన్నా ముందు సూది పొడిపించుకుని, అక్కడే తిని మాత్ర వేసుకుంది. ఎవరికీ చాటు లేదు.

ప్రొఫెసరు గారు మధ్యాహ్నానికి కారులో వచ్చారు. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, ముందు ఫ్రీజరు తెరిచి చూశారు. రక్తం తేర్చిన వేళలు అడిగారు. తరవాత ఒక స్టూలు లాక్కుని అమ్మాయి మోచేతి పక్కనే కూర్చున్నారు. ఈసారి పలకలో సగం కార్తీక సోమవారం నాటి చుక్కలు, సగం బుధవారం చుక్కలు. ఒకే మనిషివి రెండూ పక్కపక్కన. ఆ అమరిక అమ్మాయిదే. పక్కపక్కన ఉంటే ఎవరూ వాదించక్కర్లేదంది.

పోయడం, కడగడం, దులపడం. నేను గడియారం పట్టుకుని నిలబడ్డాను. కింద మందుల షాపు ముందు ఆటోవాళ్లు కేకలు వేస్తున్నారు. రంగు మందు పడింది. కొంచెంసేపు ఏమీ లేదు. తరవాత పలక ఒక పక్కన నీలం తేలింది, ఆ పక్క గుంతలో ఇంకా తేలింది, ఆ పక్కన ఇంకా. ఆపే మందు పడేసరికి మిషను అక్కర్లేకుండానే కంటికి తెలిసింది. ప్రతి జంటలోనూ ఒకటి నిమ్మకాయ నీళ్ల రంగు, పక్కది పండిన మామిడి రసం రంగు. ఒకటి ఉపవాసం, ఒకటి బుధవారం. పలక అంతా అదే. రెండు జంటలు తప్ప. ఆ రెండింట్లో రెండూ మామిడి రంగే.

మిషను అంకెలు ఇచ్చింది. ప్రొఫెసరు గారు కళ్లజోడు పైకి తోసి, కాగితం మీద వేలు పెట్టి, వరస వెంట వరస చదివారు. బరువున్నవాళ్లకు బరువుకు తగ్గట్టు. సన్నగా ఉన్నవాళ్లకు తగ్గట్టు. కార్తీక సోమవారం చుక్కల అంకెలు కూడా మొదటిసారి వచ్చినట్టే వచ్చాయి. చివరి వరస అయ్యాక కాగితాన్ని మడవకుండా బల్ల మీద పెట్టారు.

"నేను నీ చేతుల్ని అనుమానించాను. అవి నా ల్యాబులో చేతులకన్నా స్థిరంగా ఉన్నాయి. మిషను ఉంచుకో."

అమ్మాయి కుర్చీలోంచి లేచింది. పలకను రెండు చేతుల్తో ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుంది. ఆ పసుపు దాని ముఖం మీద పడింది. నేను ఎన్నో విజయోత్సవ సభలు చూసి రాశాను. పూలదండలు, బాణసంచా, మైకులు. వాటిలో దేనిలోనూ గెలిచిన మనిషి ముఖాన్ని అంత దగ్గరగా చూడలేదు.

ప్రొఫెసరు గారు మిగిలిన ఉప్మా తిన్నారు. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, మీరు తినడమే సరైన పని, ఇక ముందు కూడా తినండి అని చెప్పారు. మీరు తినకపోయి ఉంటే మాకు సంగతి తెలిసేది కాదన్నారు. అన్నీ ఒక్కలా తక్కువ వచ్చి ఉంటే ఆ మిషను ఈపాటికి నా ల్యాబులో ఉండేదన్నారు. అప్పటిదాకా చాటుగా తిన్నదానికి తలొంచుకున్న మా ఆవిడ, ఆ తరవాత కొన్నాళ్లపాటు పరిశోధన తన ఇడ్లీల మీదే నిలబడిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. నేను దిద్దబోలేదు. అందులో దిద్దడానికి పెద్దగా తప్పు లేదు.

వెళ్లే ముందు ప్రొఫెసరు గారు ఇంకో సంగతి చెప్పారు. ఉపవాసం ఉన్న రోజు, లేని రోజు, అవే మనుషుల అంకెలు పక్కపక్కన తన దగ్గర లేవట. కావాలని అడిగితే ఎవరూ రోజంతా పస్తు ఉండరు. మా వీధి ఆడవాళ్లు అడగకుండానే ఉన్నారు. వాళ్లు ఒప్పుకుంటే ఆ అంకెలు తన పరిశోధనలో వాడుకుంటానన్నారు. ఒప్పుకోవడం మాట అటుంచి, ఎదురింటి ఆవిడ వచ్చే కార్తీకంలో నాలుగు సోమవారాలూ తీసుకోండి, ఏటి పోయింది అంది.

ఆ తరవాత సంగతులు వేగంగా జరిగాయి. పలకల పెట్టెలు ఇంకొన్ని వచ్చాయి. ముందు చుట్టుపక్కల మండలాల ఆడవాళ్లు, ఆ పైన కొయ్యూరు కొండ ఊళ్ల ఆడవాళ్లు అని నిర్ణయమైంది. రక్తం తీసే ముందు అడగవలసిన ప్రశ్నలు అమ్మాయి మళ్లీ కొత్తగా రాసుకుంది. ఏమైనా తిన్నారా అన్న ఒక్క ప్రశ్న తీసేసింది. దాని బదులు, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, ఈ రోజు ఏ పూజ, ఏ మొక్కు అని అడుగుతుంది. కొండ ఊళ్లలో ఏ పండగకు ఏం తింటారో, ఏం మానేస్తారో ముందు వాళ్లను అడిగి తెలుసుకున్నాకే సూది తీస్తానంది. విశాఖలో కూడా ఇప్పుడు అవే ప్రశ్నలు అడుగుతున్నారని విన్నాను.

రెండో నంబరు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి అమ్మాయిని అడిగాను. నాన్నా, మీరు మీకు వార్త చెప్పినవాళ్ల పేర్లు ఎప్పుడైనా బయటపెట్టారా అంది. లేదన్నాను. మరి అంతే అంది.

ప్రొఫెసరు గారు వచ్చి వెళ్లిన వారంలోనే మేస్త్రీ వచ్చాడు. అంతవరకూ మిషను ఒక మడత బల్ల మీద ఉండేది. ఎవరైనా గట్టిగా నడిస్తే బల్ల కదిలేది. గోడకు ఆనించి ఇటుకలు పేర్చి, పైన నల్లరాతి పలక పరిచి, కదలకుండా సిమెంటు చేశాడు. ఆ పలక మట్టంగా ఉందో లేదో అమ్మాయి గాజు గొట్టంలో నీటి బుడగను చూసుకుంటూ అతన్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఒకసారి కట్టేశాక మళ్లీ తీయడం కుదరదమ్మా, గోడతో పాటు పగలగొట్టాల్సిందే అన్నాడతను. నాకు కావలసింది అదే అంది అమ్మాయి. సిమెంటు ఆరేదాకా ఆగి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని మిషనును ఎత్తి రాతి మీద పెట్టాం. అది పెట్టిన చోటే ఉంది. మర్నాడు ఉదయం మెట్ల మీద కృష్ణదేవిపేట ఆటో దిగిన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల రక్తం ఏ బస్సూ ఎక్కలేదు.